పొల్లు, సున్న, యోద్: హెబ్రీ వర్ణక్రమము యొక్క చరిత్ర

మత్తయి సువార్త 5:18 చదివే తెలుగు పాఠకునికి పొల్లు, సున్న అనే రెండు మాటలు చిరపరిచితములు. ధర్మశాస్త్రములో అతి చిన్నది కూడా తప్పిపోదని చెప్పుటకు మన అనువాదకులు తెలుగు లిపిలోని అతి చిన్న గుర్తులను ఎన్నుకొన్నారు. అది మంచి ఎన్నికే. అయితే గ్రీకు మూలములో ఉన్నవి ఈ రెండూ కావు. అక్కడ ఉన్న మొదటి మాట ఐయోటా. అది హెబ్రీ అక్షరమాలలోని యోద్‌కు గ్రీకు పేరు. 119వ కీర్తనలో పదవ భాగముపై అచ్చువేయబడి మనకు కనబడే యోద్ ఇదే. రెండవ మాట కెరయియా, అనగా కొమ్ము. ఒక అక్షరమును మరొక అక్షరము నుండి వేరుచేసే చిన్న గీత అని దాని భావము. (అనువాదకులు దానిని ఉన్నది ఉన్నట్లుగా కొమ్ము అని ఉంటే, మనవారు ‘కు’, ‘ము’లలోని కొమ్మును తలంచుకొని ఉండేవారు!)

ఈ తేడా చిన్నదిగా కనబడవచ్చును. కాని తెలుగులో పొల్లు ఏమి చేస్తుందో గమనించండి. ‘న’ను ‘న్’ చేస్తుంది. అంటే ఇక్కడ అచ్చు లేదని చెప్పే గుర్తు అది. కాబట్టి మన చెవికి ఆ వచనము అచ్చుల గుర్తులను గూర్చిన వాగ్దానము వలె వినబడుతుంది. ప్రభువు ఆ మాట పలికిన దినములలో హెబ్రీ వ్రాతలో అచ్చుల గుర్తులే లేవు. ఒక్క చుక్క కూడా లేదు.

ఈ సంగతి చెప్పగానే తరగతిలో ఏటేటా ఒకే ప్రశ్న వస్తుంది. అచ్చులు తరువాత చేర్చబడినవైతే, అసలు వాక్యము ఏమిటో మనకు ఎలా తెలుసు? చేర్చినవారు తప్పు చేసి ఉంటే? ఈ ప్రశ్న అడిగిన విద్యార్థిని అవిశ్వాసి అని కూర్చోబెట్టడం మేము చూశాము. అది న్యాయము కాదు. ఐరోపాలో ఒకప్పుడు సంఘములు ఇదే ప్రశ్న మీద నూరేండ్లకు పైగా వాదించుకొన్నాయి. ఆ వాదము అర్థము కావాలంటే ముందుగా హెబ్రీ వర్ణక్రమము ఏ దారిన నడిచి వచ్చిందో చూడాలి.

హెబ్రీ అక్షరములు 22. అన్నీ హల్లులే. ఫొయినీకయుల నుండి వచ్చిన ఈ అక్షరమాలలో అచ్చులకు చోటు లేదు. మన గుణింతమంతా తీసివేసి, ద్విత్వములు కూడా వ్రాయకుండా, క, ల అని రెండు అక్షరములు మాత్రమే వ్రాశామనుకొనండి. దానిని కల అనవచ్చు, కాలు, కీలు, కూలి, కల్లు అనవచ్చు. కాని ‘క ల న ప’ అని ఉంటే తెలుగువాడెవడూ కూలి నొప్పి అని చదవడు. కాలు నొప్పి అనే చదువుతాడు. భాష తెలిసినవానికి సందర్భము చాలావరకు చాలును. పైగా హెబ్రీ వంటి సెమిటిక్ భాషలలో మాట యొక్క అర్థము ముఖ్యముగా మూడు హల్లుల ధాతువులో ఉంటుంది. మ-ల-క అనే మూడింటిలో ఏలుబడి అనే భావము ఉన్నది. మెలెక్ అంటే రాజు, మాలక్ అంటే అతడు ఏలెను. అచ్చులు ఆ భావమును నామముగానో క్రియగానో మలుస్తాయి. అందుచేత అచ్చులు లేని వ్రాత తెలుగుకు ఎంత ఇబ్బందియో హెబ్రీకి అంత ఇబ్బంది కాలేదు.

కాని ఇబ్బంది లేకపోలేదు. దానికి ఇశ్రాయేలు లేఖరులు కనుగొన్న ఉపాయము కొత్త గుర్తులు చేయుట కాదు. ఉన్న హల్లులలో కొన్నింటికి రెండవ పని అప్పగించుట. హే, వావ్, యోద్ అనే అక్షరములు, కొన్ని చోట్ల ఆలెఫ్, దీర్ఘమైన అచ్చులకు గురుతుగా నిలిచాయి. వావ్‌ను ఓ, ఊ అనియు, యోద్‌ను ఈ, ఏ అనియు, మాట చివర హేను ఆ, ఏ అనియు చదివారు. వీటిని పండితులు చదువుకు తల్లులని పిలిచారు.

ఇది ఒక్కసారిగా జరిగినది కాదు. యెరూషలేములో హిజ్కియా కాలపు సొరంగములో 1880లో కనబడిన సిలోయము శాసనము దీనికి మంచి సాక్ష్యము. నీటిని పట్టణములోనికి రప్పించిన హిజ్కియా పనిని 2 రాజులు 20:20లో చదువుతాము. క్రీ.పూ. 8వ శతాబ్దపు చివరి దినములకు చెందిన ఆ ఆరు పంక్తులలో, రెండు వైపుల నుండి రాతిని తొలచుచు వచ్చిన పనివారు ఒకరి స్వరము ఒకరు విని కలుసుకొన్న వృత్తాంతము ఉన్నది. అందులో మాట చివరి అచ్చులకు తల్లి అక్షరములు కనబడతాయి. మాట మధ్యలో మాత్రము దాదాపు లేవు. మనుష్యుడు అనే అర్థమిచ్చే ‘ఈష్’ను మన బైబిలు మూడు అక్షరములతో, మధ్య యోద్ పెట్టి వ్రాస్తుంది, శాసనములో రెండే అక్షరములు. స్వరము అనే ‘కోల్’లో వావ్ లేదు. దినము అనే ‘యోమ్’లో కూడ లేదు. అంటే యెషయా ప్రవక్త యెరూషలేములో పలుకుచున్న కాలములో ఆ పట్టణపు వ్రాత, ఈనాడు మన చేతిలో ఉన్న హెబ్రీ యెషయా గ్రంథపు వ్రాత, ఒకే వర్ణక్రమములో లేవు. భాష ఒకటే, వ్రాత ఎదిగింది.

ఆ ఎదుగుదల బైబిలు లోపలనే కనబడుతుంది. దావీదు అనే పేరును చూడండి. సమూయేలు గ్రంథములలో అది మూడక్షరములు: దాలెత్, వావ్, దాలెత్. దినవృత్తాంతములలో, ఎజ్రా నెహెమ్యాలలో నాలుగు: మధ్యలో ఒక యోద్ చేరింది. చెర నుండి తిరిగి వచ్చిన తరువాతి కాలపు లేఖరులు అచ్చును కనబడునట్లు వ్రాయుటకు అలవాటుపడ్డారు. రాజు అతడే, పేరు అదే, పలుకుబడి అదే. వచ్చి చేరినది యోద్, అనగా మత్తయి 5:18లోని ఆ అతి చిన్న అక్షరమే.

ఇక్కడ ప్రసంగీకులకు ఒక మాట. మత్తయి 1:17లోని పదునాలుగు తరముల లెక్క దావీదు పేరులోని అక్షరముల విలువ అని మనలో చాలామంది బోధిస్తారు. దాలెత్ 4, వావ్ 6, దాలెత్ 4, మొత్తము 14. ఆ వివరణకు మంచి ఆధారమే ఉన్నది; మేమును దానిని ఇష్టపడతాము. కాని అది మూడక్షరముల వ్రాతకే చెల్లుతుంది. యోద్ చేర్చిన వ్రాతలో మొత్తము 24 అవుతుంది. దినవృత్తాంతముల నుండి పాఠము చదివి, దావీదు పేరు హెబ్రీలో 14 అని చెప్పేవారు, ముందున్నవారిలో ఒకరైనా ఆ పుటను హెబ్రీలో చూస్తారని గుర్తుంచుకొంటే మేలు.

1947లో మృత సముద్రపు తీరమున కుమ్రాను గుహలో దొరికిన యెషయా గ్రంథపు చుట్ట ఈ చరిత్రలో మరొక మెట్టు. క్రీ.పూ. 2వ శతాబ్దమునకు చెందిన ఆ చుట్ట ఏడు మీటర్లకు పైగా పొడవు, 54 నిలువు వరుసలు. దానిలో తల్లి అక్షరములు ధారాళముగా వాడబడ్డాయి. ‘కీ’ అనే చిన్న మాటకు మన గ్రంథములో రెండక్షరములుంటే ఆ చుట్ట ఆలెఫ్ కూడ చేర్చి మూడు వ్రాస్తుంది. ‘కాదు’ అనే ‘లో’కు వావ్ చేరుస్తుంది. ‘సమస్తము’ అనే ‘కోల్’కు కూడ వావ్ చేరుస్తుంది. దావీదు అక్కడ నాలుగక్షరములే. ఈ చుట్టకును మన గ్రంథమునకును మధ్య వేల కొలది భేదములున్నవని విని కలవరపడినవారుంటారు. వాటిలో అధిక భాగము ఈ రీతి వర్ణక్రమ భేదములే.

తరువాత ఒక మలుపు వచ్చింది. క్రీ.శ. 1, 2 శతాబ్దములలో యూదులు హల్లుల పాఠమును స్థిరపరచుకొన్నారు. ఆ కాలపు ప్రతులు, మసాదా కోటలోను వాది మురబ్బాత్ గుహలలోను దొరికినవి, మన హెబ్రీ గ్రంథమునకు చాల దగ్గరగా ఉన్నవి. అప్పటి నుండి ఎక్కడ వావ్ ఉన్నదో అక్కడ ఉండాలి, ఎక్కడ లేదో అక్కడ ఉండకూడదు. అప్పటి వరకు పెరిగిన చెట్టు ఏ కొమ్మతో ఉన్నదో ఆ కొమ్మతోనే అచ్చుపోసినట్లు నిలిచిపోయింది. అందుకే ఈనాటి హెబ్రీ పాత నిబంధనలో ఒకే మాట ఒక వచనములో నిండుగాను, పై వచనములో కొరతగాను వ్రాయబడి కనబడుతుంది. అది అచ్చుతప్పు కాదు.

ఆ కాపుదల ఎంత నమ్మకమైనదో, దానిని కాపాడినవారు ఎంత నిజాయితీపరులో చూపే కథ ఒకటి తాల్మూదులో కిద్దూషీన్ అను భాగమున 30వ ఆకులో ఉన్నది. మనము శాస్త్రులు అని పిలిచే సోఫెరీములకు ఆ పేరు ఎందుకు వచ్చిందంటే, వారు ధర్మశాస్త్రపు అక్షరములన్నిటిని లెక్కించేవారు గనుక అని అక్కడ చెప్పబడింది. లేవీయకాండము 11:42లో కడుపు అనే అర్థమున్న ‘గాహోన్’ మాటలోని వావ్ ధర్మశాస్త్రమంతటిలో మధ్య అక్షరమని వారి లెక్క. అప్పుడు రవ్ యోసేఫు అనే బోధకుడు, ఆ వావ్ ఈ సగములోనిదా ఆ సగములోనిదా అని అడిగాడు. చుట్ట తెచ్చి లెక్కపెడదామన్నారు. దానికి ఆయన ఇచ్చిన జవాబు సారాంశము: నిండు వ్రాతలు, కొరత వ్రాతలు వారికి బాగుగా తెలుసు, మనకు అంత నేర్పు లేదు. ఈ మాటను తాల్మూదు దాచిపెట్టలేదు. నేటి చుట్టలలో లెక్కపెడితే మధ్య అక్షరము గాహోన్‌లో రాదు. అంతకు ముందే, 8వ అధ్యాయములో వస్తుంది. అయినను నేటికీ లేఖరులు ఆ వావ్‌ను పెద్దదిగానే వ్రాస్తారు. యెమెను దేశపు యూదుల ధర్మశాస్త్రపు చుట్టలకును మిగిలినవారి చుట్టలకును మధ్య తొమ్మిది అక్షరముల భేదమున్నది. మూడు లక్షలు దాటిన అక్షరములలో తొమ్మిది!

హల్లులు స్థిరపడినా చదువు నోటనే నడిచింది. తండ్రి కుమారునికి, బోధకుడు శిష్యునికి అప్పగించినదే చదువు. ఈ చదువు మారితే ఏమవుతుందో మన తెలుగు బైబిలులోనే చూడవచ్చు. ఆదికాండము 47:31లో యాకోబు మంచపు తలాపి మీద వంగి నమస్కరించాడు. హెబ్రీ పత్రిక 11:21లో అదే సందర్భమును చెప్పుచు చేతికర్ర మొదలు మీద అని ఉన్నది. రెండును ఒకే సంఘటనా? అవును. హెబ్రీ హల్లులు మేమ్, తేత్, హే, మూడే. మిట్టా అని చదివితే మంచము, మట్టె అని చదివితే కర్ర. క్రీ.పూ. 3వ శతాబ్దములో ధర్మశాస్త్రమును గ్రీకులోనికి తర్జుమా చేసినవారు కర్ర అని చదివారు. పత్రిక వారి గ్రీకు పాఠమును అనుసరించింది. మంచము అనేది యూదుల సమాజమందిరములో నిలిచిన చదువు. ఒక్క అక్షరము మారలేదు. తల్లి అక్షరముల ఉపాయము ఇక్కడ సహాయము చేయలేకపోయింది. ఎందుకంటే మాట చివరి హే ఆ కావచ్చు, ఏ కావచ్చు.

బేత్లెహేములో కూర్చుండి లతీను తర్జుమా చేసిన జెరోము (క్రీ.శ. 420లో మరణించాడు) ఈ ఇక్కట్టును స్వయముగా ఎరిగినవాడు. హబక్కూకు 3:5లోని ద-బ-ర అనే మూడు హల్లులను దాబార్ అంటే మాట అనియు, దెబెర్ అంటే తెగులు అనియు చదువవచ్చునని ఆయన వ్యాఖ్యానములో వ్రాశాడు. గ్రీకు పాఠములో అక్కడ మాట ఉన్నది, మన పాఠములో తెగులు ఉన్నది. చుక్కలు ఉన్న ప్రతి జెరోము ఎదుట ఉంటే ఆ చర్చకే చోటు లేదు.

చుక్కలు వచ్చినది తరువాత, సుమారు క్రీ.శ. 6 మొదలు 10 శతాబ్దముల మధ్య. బబులోనులో ఒక పద్ధతి, పాలస్తీనాలో ఒకటి, గలిలయ సముద్రపు ఒడ్డున తిబెరియలో ఒకటి పుట్టాయి. గెలిచినది తిబెరియ పద్ధతి. ఆ పండితులను మసోరెతులు అంటాము. మసోరా అంటే పారంపర్యముగా అప్పగింపబడినది. వారి పని యొక్క గొప్పతనము వారు కనుగొన్న గుర్తులలో కంటె వారు ముట్టని దానిలో ఉన్నది. హల్లులను కదల్చలేదు. తల్లి అక్షరమును తీయలేదు, చేర్చలేదు. కామెత్స్, పతాహ్, సెగోల్, హిరెక్ మొదలైన చుక్కలను, గీతలను అక్షరముల క్రిందను, పైనను, లోపలను ఉంచారు. మన గుణింతము అక్షరముతో కలిసిపోతుంది. వారి గుర్తులు చెరిపివేస్తే క్రింద పాత వ్రాత చెక్కుచెదరకుండ నిలుస్తుంది. వ్రాయబడిన దానికిని చదువవలసిన దానికిని పొంతన లేనిచోట వ్రాతను అలాగే ఉంచి, చదువవలసినది అంచున వ్రాశారు. మొదటిదానిని కెతీబ్ అనియు రెండవదానిని కెరే అనియు అంటారు.

మనము నిత్యము పలికే యెహోవా అనే నామపు వర్ణక్రమము ఇక్కడనే పుట్టింది. యోద్, హే, వావ్, హే అనే నాలుగు అక్షరముల నామమును యూదులు ఉచ్చరించక అదోనాయ్, అనగా ప్రభువు, అని చదివేవారు. మసోరెతులు ఆ నాలుగు హల్లులను ముట్టక, అదోనాయ్ అని చదువవలెనని జ్ఞాపకము చేయుటకు దాని అచ్చుల గుర్తులను వాటికి పెట్టారు. మధ్యయుగములలో ఐరోపా క్రైస్తవ పండితులు ఆ హల్లులను ఆ అచ్చులతో కలిపి చదివారు. 1530లో విలియం టిండేలు ఆంగ్లములో అచ్చువేసిన పంచకాండములలో ఆ రూపము ఉన్నది. మిషనరీల తర్జుమాల ద్వారా అది మన భాషకు చేరింది. ఈ సంగతి తెలిసిన ఒక సేవకుడు, ఇంతకాలము తప్పు పేరుతో ప్రార్థించామా అని మమ్మును అడిగారు. ఆయన కంఠములో నిజమైన బాధ ఉన్నది. తెలుగు సంఘము ఆ మాటతో ఎవరిని పిలిచిందో సంఘమునకు తెలుసు. వర్ణక్రమపు చరిత్ర ఆ ప్రార్థనను కొట్టివేయదు. కాని ఆ మూడు అచ్చులలో భూత వర్తమాన భవిష్యత్తులున్నవని ప్రసంగము కట్టుట మాత్రము మానుకోవలసినదే. ఆ అచ్చులు వేరొక మాటవి.

ఇక వాదము. ఎలియా లెవీత (1469-1549) జర్మనీలో పుట్టి ఇటలీలో బ్రతికిన యూదు వ్యాకరణ పండితుడు. రోమాలో కార్డినల్ ఎగిదియో గృహమున పది సంవత్సరములకు పైగా ఉండి ఆయనకు హెబ్రీ నేర్పాడు. 1527లో రోమా దోపిడీలో వ్రాతప్రతులు పోగొట్టుకొని వెనీసు చేరి, 1538లో మసోరెత్ హ-మసోరెత్ అను గ్రంథమును అచ్చువేయించాడు. చుక్కలు సీనాయిలో ఇవ్వబడ్డాయనియు, ఎజ్రా పెట్టాడనియు నమ్ముతూ వచ్చిన దినములలో, ఇవి తాల్మూదు ముగిసిన తరువాత తిబెరియవారు పెట్టినవని ఆయన వ్రాశాడు. ఆయన కారణములు సామాన్యమైనవి. తాల్మూదు చుక్కలను ఎక్కడా పేర్కొనదు. వాటి పేర్లు ఎక్కువగా అరామిక్ పేర్లు. సమాజమందిరపు చుట్టలో చుక్కలు లేవు. ఈ చివరిది నేటికీ నిజమే.

లూథరు, కాల్విను కూడ చుక్కలు తరువాతివని ఎంచినవారే. వారికి అందులో ప్రమాదము కనబడలేదు. ప్రమాదము తరువాతి తరమునకు కనబడింది. లేఖనము మాత్రమే చాలునని సంస్కరణ సంఘములు అంటూ ఉంటే, రోమన్ కతోలిక వాదనకారులు ఇలా అడిగారు: పారంపర్యము లేకుండ మీరు మీ లేఖనమును చదవనైనా చదవగలరా? బాసెలు పట్టణపు పెద్ద పండితుడు యోహాను బుక్స్తోర్ఫు 1620లో తిబెరియ అను గ్రంథము వ్రాసి చుక్కలు ఎజ్రా కాలపువని వాదించాడు. (తిబెరియవారు పెట్టలేదని చెప్పే పుస్తకమునకు తిబెరియ అని పేరు!) ఫ్రాన్సులో సోమూరు విద్యాలయపు ప్రొటెస్టంటు ఆచార్యుడు లూయి కాపెల్ దానికి విరుద్ధముగా ఒక ప్రతి వ్రాసి ముందుగా బుక్స్తోర్ఫుకే పంపాడు. ఆయన ప్రచురింపవద్దన్నాడు. ఆ పుస్తకము 1624లో లైడెనులో గ్రంథకర్త పేరు లేకుండ వెలువడింది. కాపెల్ తరువాతి పెద్ద గ్రంథమును అచ్చువేయుటకు ప్రొటెస్టంటు పట్టణములు ఒప్పుకొనలేదు. చివరకు కతోలికునిగా మారిన ఆయన కుమారుని చొరవతో అది 1650లో పారిసులో అచ్చయింది. ఆ తండ్రి హృదయమును ఊహించుకొంటే మాకు జాలి కలుగుతుంది. తన వాదము సంఘమునకు హానికరము కాదని ఆయన నమ్మాడు, సంఘము నమ్మలేదు.

1675లో స్విట్జర్లాండు సంస్కరణ సంఘములు జూరికు ఆచార్యుడు హైడెగ్గరు వ్రాసిన ఒప్పుదల పత్రమును స్వీకరించాయి. దాని రెండవ అంశము హెబ్రీ గ్రంథము హల్లులలోను అచ్చులలోను దైవప్రేరితమని చెప్పింది. అచ్చులనగా చుక్కలే గాని, లేదా కనీసము చుక్కల చేత సూచింపబడే శబ్దములే గాని అని ఒక సందు విడిచిపెట్టింది. మన విద్యార్థులు ఈ సందును గమనించాలని మా కోరిక. పత్రము వ్రాసినవారు మొండివారు కారు. గుర్తు వేరు, గుర్తు చూపే చదువు వేరు అని వారికి తెలుసు. ఆ విడిచిన సందులోనే నిజమైన జవాబు ఉన్నదని మేము తలస్తాము. గుర్తులు మధ్యయుగపువి, చదువు వాటికంటె పాతది. ఓరిగెను 3వ శతాబ్దములో తన హెక్సప్లా రెండవ వరుసలో హెబ్రీ పాఠమును గ్రీకు అక్షరములలో అచ్చులతో సహా వ్రాయించాడు. మిగిలిన తునకలలో ఉచ్చారణ భేదములున్నను, మాటలను గుర్తించిన తీరు చాలావరకు మసోరెతుల చదువుతో ఏకీభవిస్తుంది. జెనీవాలో ఆ పత్రపు నిర్బంధము 1706లో తొలగింపబడింది. దానికి ముందు నిలిచినవాడు జాన్ ఆల్ఫోన్సు తుర్రెతీను. ఆ పత్రము కొరకు పాటుపడిన ఫ్రాన్సిసు తుర్రెతీను కుమారుడు.

కుమ్రాను చుట్టలలో ఒక్క అచ్చు చుక్క కూడ లేనందున గుర్తుల వయస్సును గూర్చిన వాదము ముగిసింది. ఆ చుట్టలు దొరికిన 1947లోనే మరొక నష్టము జరిగింది. తిబెరియ మసోరెతులలో ప్రసిద్ధుడైన అహరోను బెన్ ఆషేరు సుమారు 930లో చుక్కలు పెట్టిన ప్రతి సిరియా దేశపు అలెప్పో సమాజమందిరములో శతాబ్దములుగా భద్రపరచబడి ఉండెను. ఆ సంవత్సరము డిసెంబరులో అల్లరిమూకలు మందిరమునకు నిప్పుపెట్టాయి. 1958లో ఆ ప్రతి యెరూషలేము చేరేసరికి సుమారు 490 ఆకులలో 295 మిగిలాయి. ఇప్పుడది ద్వితీయోపదేశకాండము 28:17తో మొదలవుతుంది. అందుచేత మన విద్యార్థులు వాడే హెబ్రీ బైబిలు 1008 ప్రాంతమున వ్రాయబడి సెయింట్ పీటర్సుబర్గులో ఉన్న ప్రతిని అనుసరిస్తుంది. పోయిన అలెప్పో ఆకులలో లేవీయకాండము 11:42 ఉన్న ఆకు కూడ ఉన్నది. బెన్ ఆషేరు ఎదుట ఆ వావ్ ఎంత పెద్దదిగా నిలిచిందో చూచే అవకాశము ఇప్పుడు లేదు.